పదో తరగతి మార్కుల్ని ఎన్నేళ్లు మోయాలి?

ఆగస్టులో క్యాట్ (ఐఐఎంలలో ఎంబీఏ సీటు కోసం రాసే పరీక్ష) రిజిస్ట్రేషన్లు మొదలవగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. మా ఊరి పిల్లలు కొందరు, హైదరాబాద్‌లో నేనున్న హాస్టల్లో నా తర్వాత చేరినవాళ్ళు కొందరు. అందరూ ఒకటే అడుగుతారు, "అక్కా, నాకు టెన్త్‌లో మార్కులు తక్కువ, అసలు క్యాట్ రాసి ఉపయోగం ఉంటుందా, ఫీజు రెండు వేల పైనే అంట, దండగవుతుందేమో" అని. డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, ఇరవై రెండేళ్లొచ్చిన పిల్ల, పదిహేనేళ్లప్పుడు రాసిన పరీక్ష గురించి భయపడుతూ ఫోన్ చేస్తుంది. అదేం లేదులే అని ఊరుకోబెట్టలేను, ఎందుకంటే ఆ భయంలో నిజం ఉంది.

నా సంగతి చెప్తా. మాది కందుకూరు పక్కన పల్లెటూరు, పొగాకు వేసే ప్రాంతం. 2008 జనవరిలో, సరిగ్గా బ్యారన్ (పొగాకు ఆకుని వేడితో ఎండబెట్టే కొట్టం) సీజన్ మధ్యలో, నాన్న నిచ్చెన మీంచి జారిపడి కాలు విరిగింది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, పచ్చాకు బ్యారన్‌లోకి ఎక్కించాక అయిదారు రోజులు మంట ఆగకూడదు, రాత్రీ పగలూ ఎవరో ఒకరు కూర్చుని థర్మామీటర్ చూసుకుంటూ కట్టెలు ఎగదోస్తూ ఉండాలి, వేడి కాస్త అటూ ఇటూ అయినా ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో రేటు పోతుంది, రేటు పోతే ఆ ఏడు కౌలు కూడా రాదు. పగలు అమ్మ, రాత్రి నేను. పొయ్యి ముందు గోనెసంచి పరుచుకుని సోషల్ పుస్తకం పెట్టుకునేదాన్ని, ఒక పేజీ చదవడం, లేచి వేడి చూడడం, కట్టె వేయడం, మళ్ళీ వచ్చేసరికి ఎక్కడిదాకా చదివానో తెలిసేది కాదు. మార్చిలో పరీక్షలు రాశా. 600కి 371 వచ్చాయి. పాసయ్యా కదా అని అమ్మ పంచదార పంచింది.

ఇంటర్ ఎంఈసీ కాస్త నయంగా, డిగ్రీ బీకాం బాగానే చదివా. హైదరాబాద్ వచ్చి ఒక కంపెనీలో అకౌంట్స్‌లో చేరా. 2016లో మొదటిసారి క్యాట్ రాస్తే 91 పర్సంటైల్, 2017లో రెండోసారి రాస్తే 98 దాటింది. 98 అంటే రెండు లక్షల మంది రాస్తే దాదాపు లక్షా తొంభై ఆరు వేల మంది మన వెనకున్నారని, నూటికి 98 మార్కులని కాదు. ఆ రిజల్ట్ చూసి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చా, సంతోషంతోనే. తర్వాత ఒక పెద్ద ఐఐఎం షార్ట్‌లిస్ట్ ఎలా చేస్తుందో వాళ్ళు పెట్టిన కాయితం చదివా. పదో తరగతిలో 90 శాతం దాటితే 10 పాయింట్లు, 60కి 70కి మధ్య ఉంటే 3 పాయింట్లు. నాది 61.8. అంటే ఆ బ్యారన్ ముందు రాత్రుళ్ళకి నాకొచ్చింది 3. ఇంటర్‌కి ఇంకో లెక్క, డిగ్రీకి ఇంకో లెక్క. అక్కడి నుంచి ఇంటర్వ్యూ కాల్ రాలేదు. అలాంటి లెక్కలే ఉన్న ఇంకో రెండు చోట్ల నుంచీ రాలేదు. ఈ మార్కుల్ని 2008లోనే దించేశాం అనుకుని తొమ్మిదేళ్లు బతికా, అవి నా వెనకే నడుచుకుంటూ వచ్చాయి.

ఎంబీఏ అడ్మిషన్ల మీద మాట్లాడేవాళ్ళు ఎక్కువగా ఎంట్రన్స్ పరీక్షనే తిడతారు. రెండు గంటల పరీక్షతో మనిషిని ఎలా కొలుస్తారు, లీడర్‌షిప్ ఉందో లేదో లెక్కలు చెప్తాయా, మనిషిని మొత్తంగా చూడాలి అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ "మొత్తం" అనే మాటలో ఏమేం వస్తాయో ఒక్కొక్కటి విప్పి చూస్తే నాలాంటివాళ్ళకి ఆ పరీక్షే నయం అనిపిస్తుంది, నేను చెప్పదలుచుకున్నది ఇదే.

2017 నవంబర్‌లో నేను పరీక్ష రాసింది సిటీ బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. లైన్లో నా ముందున్న అమ్మాయి అమ్మానాన్నలతో కార్లో వచ్చింది, వాళ్ళు గేటు దగ్గర బొట్టు పెట్టి పంపించారు, చేతిలో ఏదో ఫేమస్ కాలేజీ ఐడీ కార్డు. నేను రెండు బస్సులు మారి వచ్చా. ఇద్దరి చేతా చెవి కమ్మలు తీయించారు, ఇద్దరి జేబులూ తడిమారు, ఇద్దరికీ ఒకే రకం పెన్ను, ఒకే రకం తెల్లకాయితాలు ఇచ్చారు. లోపల స్క్రీన్ మీద టైమర్ ఒకటే. ఆ మూడు గంటలు నన్ను మీ నాన్న ఏం చేస్తాడు అని ఎవరూ అడగలేదు, ఏ స్కూల్లో చదివావు అని అడగలేదు, నా ఇంగ్లీషు యాస ఎవరికీ వినపడలేదు. ఆ ఏడు డీఐఎల్ఆర్ (పట్టికలు, తర్కం మీద సెట్లు సెట్లుగా ప్రశ్నలిచ్చే సెక్షన్) ఎంత కష్టంగా వచ్చిందో రాసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, నేను ఎనిమిది సెట్లలో మూడే చేశా, ఆ మూడూ కరెక్ట్‌గా చేశా. పదో తరగతిలో నేనేంటో ఆ మూడు సెట్లకి తెలీదు. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టే అవకాశం చదువుల్లో నాకు దొరికింది అక్కడొక్కచోటే.

క్యాట్ అందరికీ సమానం అని నేను అనను. నాకు తెలుసు అది కాదని. 2024 క్యాట్‌లో 100 పర్సంటైల్ వచ్చిన 14 మందిలో 13 మంది ఇంజనీర్లు, 13 మంది అబ్బాయిలు (అందులో ముగ్గురు మన రెండు రాష్ట్రాల వాళ్ళే అని మనం పండగ చేసుకున్నాం, చేసుకోవాల్సిందే, కానీ ఆ మిగతా లెక్క కూడా చూడాలి). ఇంటర్ ఎంపీసీ నుంచి బీటెక్ దాకా లెక్కల్లోనే బతికినవాడికి క్వాంట్, అంటే లెక్కల సెక్షన్, అలవాటైన దారి, బీఏ చదివిన అమ్మాయికి అది కొత్త దేశం. వీఏఆర్సీలో, అంటే ఇంగ్లీషు సెక్షన్లో, వచ్చే పాసేజీలు ఇంకో రకం ఇబ్బంది. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన నాకు మొదటిసారి ఒక ఫిలాసఫీ పాసేజ్ ఇస్తే నాలుగుసార్లు చదివినా రాసినాయన ఏ పక్షమో తేలలేదు. పదాలు తెలీక కాదు, డిక్షనరీలో వెతుక్కుంటే పదాలు దొరుకుతాయి, అలాంటి వాదన వినే అలవాటు లేక. కోచింగ్‌కి డబ్బులు కావాలి, మాక్‌లకి, అంటే నమూనా పరీక్షలకి, డబ్బులు కావాలి, ఆదివారాలు ఖాళీగా ఉండాలి. ఇదంతా ఒప్పుకుంటా.

మరి పరీక్ష తీసేస్తే దాని జాగాలో ఏం పెడతారు? ఇంకో దేశంలో ఏం పెట్టారో చూద్దాం. అమెరికాలో బిజినెస్ స్కూళ్ళు కొన్ని కలిసి 1953లో అనుకుని మరుసటి ఏడాది మొదలుపెట్టిన పరీక్షే ఇవాళ్టి జీమ్యాట్. 2020లో కోవిడ్ వచ్చాక అక్కడ చాలా స్కూళ్ళు ఆ స్కోరు లేకపోయినా పర్లేదన్నాయి. స్కోరు పోతే మిగిలేవి వ్యాసాలు, రికమండేషన్ లెటర్లు, రెజ్యూమె. నాతో పనిచేసిన ఒకమ్మాయి బయటికి అప్లై చేసింది, లెటర్ కావాలని మేనేజర్ దగ్గరికెళ్తే ఆయన "నువ్వే రాసుకొచ్చేయ్, సంతకం పెట్టేస్తా" అన్నాడు. తప్పుగా అనలేదు పాపం, మన ఆఫీసుల్లో ఎక్కువమంది అలాగే అంటారు. తను ఆ రాత్రి కూర్చుని తన గురించి తనే వేరే మనిషి రాసినట్టు రాసుకుంది. అదే టైములో ఇంకొకతను కన్సల్టెంట్‌కి డబ్బులిచ్చి వ్యాసాలన్నీ దిద్దించుకున్నాడు. కోచింగ్‌కి డబ్బులుంటేనే క్యాట్ అంటున్నాం కదా, క్యాట్‌కి కోచింగ్ తీసుకున్నా హాల్లో రాసేది మనమే. వ్యాసానికి కోచింగ్ తీసుకుంటే ఎవరు రాశారో ఎవరికి తెలుసు?

అమెరికాలోనే మసాచుసెట్స్‌లో ఉన్న ఎంఐటీ అనే పెద్ద యూనివర్సిటీ సంగతి కూడా చెప్పాలి, అది బిజినెస్ స్కూల్ విషయం కాదు, డిగ్రీ అడ్మిషన్ల విషయం, అయినా మన మాటకి పనికొస్తుంది. కోవిడ్‌లో ఎస్ఏటీ (అక్కడ డిగ్రీలో చేరడానికి రాసే పరీక్ష) అక్కర్లేదన్నవాళ్ళు 2022లో మళ్ళీ కావాలన్నారు. కారణం ఏం చెప్పారంటే, స్కోరు లేకపోతే పెద్ద స్కూళ్ళలో చదవని, పెద్ద కోర్సులు దొరకని పిల్లల్లో ఎవరు నెగ్గుకురాగలరో కనిపెట్టడం కష్టమవుతోందని. పేదవాళ్ళకి అడ్డం అని చాలామంది తిట్టే పరీక్షని, పేదవాళ్ళని కనిపెట్టడానికే వెనక్కి తెచ్చుకున్నారు. మా ఊళ్ళో అందరికీ ఈ మాట చెప్పాలనిపించింది నాకు.

ఇప్పుడు మళ్ళీ ఆ పాత మార్కుల దగ్గరికి వస్తా, ఎందుకంటే నా గొడవంతా అక్కడే. పది, ఇంటర్, డిగ్రీ మార్కులు ఎందుకు చూస్తారంటే నిలకడ చూడడానికి అంటారు. ఒక్కరోజు పరీక్ష ఎవడైనా అదృష్టం కొద్దీ రాయొచ్చు, పదేళ్లపాటు బాగా చదివినవాడే నిలకడైనవాడు అని. సరే, ఆ నిలకడ ఎవరిది? పిల్లదా, ఇంటిదా? నాన్న కాలు విరక్కపోతే నాది కూడా నిలకడే. పదిహేనేళ్ల వయసులో మార్కులు చాలావరకు ఏ స్కూలు, ఏ ట్యూషను, ఇంట్లో అన్నం వేళకి ఉందా లేదా అన్నవి చెప్తాయి. అవి చెప్పకూడదని కాదు, కానీ వాటిని మెరిట్ అని పేరు పెట్టి పాయింట్లు వేస్తే మాత్రం నాకు మండుతుంది.

అసలు ఆ మార్కులు అన్నీ ఒక రకం మార్కులేనా అంటే అదీ కాదు. మా కాలంలో 600కి మార్కులు. 2012 నుంచి గ్రేడ్లు. తర్వాత కోవిడ్. 2021లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు జరగనే లేదు, రాసిన చిన్న చిన్న ఇంటర్నల్స్ చూసి గ్రేడ్లు వేసి అందర్నీ పాస్ చేశారు, అయిదు లక్షల ఇరవై వేల మందిలో రెండు లక్షల పైచిలుకు మందికి పదికి పది వచ్చాయి. ఆంధ్రాలో కూడా 2020, 2021 రెండేళ్లూ పరీక్షలు లేవు. పిల్లల్ని అనడం లేదు, అప్పుడు ఇంకేం చేస్తారు, ప్రాణాలు ముఖ్యం. కానీ ఆ పిల్లలు ఇప్పుడు డిగ్రీలు పూర్తిచేస్తూ క్యాట్ రాస్తున్నారు. సూర్యాపేట అమ్మాయి ఒకతె నాతో అంది, "అక్కా నాకు పదికి పది ఎలా వచ్చాయో నాకే తెలీదు" అని. వాళ్ళ అక్క అంతకు రెండేళ్లు ముందు, 2019లో నిజంగా కూర్చుని రాసి 7.3 తెచ్చుకుంది. చదువులో అక్కే గట్టిది అని ఇంట్లో అందరూ అంటారట. ఇద్దరూ ఇవాళ ఒకే ఫామ్ నింపితే ఒకే గడిలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన కూర్చుంటాయి, కంప్యూటర్‌కి తేడా తెలీదు. బోర్డుల మధ్య తేడాకి, ఏళ్ల మధ్య తేడాకి సర్దుబాటు లెక్కలు వేస్తాం అంటాయి కొన్ని ఐఐఎంలు, వేస్తాయి కూడా, కానీ జరగని పరీక్షకి ఏం సర్దుతారు?

పరీక్ష ఉంటే చాలు అని కూడా కాదు నేననేది, దానికి మన రెండు రాష్ట్రాల్లో ఎంబీఏ, ఎంసీఏ సీట్లకి పెట్టే ఐసెట్టే సాక్ష్యం. ఐసెట్ చాలా విషయాల్లో మంచి పరీక్ష, నిజంగా అంటున్నా. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగటివ్ మార్కుల్లేవు, ఇంగ్లీషు సెక్షన్ తప్పిస్తే మిగతా రెండు సెక్షన్లూ తెలుగులో కూడా ఇస్తారు. క్యాట్ ఇప్పటిదాకా ఇంగ్లీషు దాటి రాలేదు, నీట్, జేఈఈ మెయిన్ తెలుగులో వచ్చేశాయి గానీ. ఆ గౌరవం ఐసెట్‌కి ఇవ్వాలి. కానీ క్వాలిఫై అవడానికి 25 శాతం మార్కులు చాలు, రాసినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా క్వాలిఫై అవుతారు, ఆపైన ఖాళీ సీట్లు పెట్టుకుని కాలేజీలు ఫోన్లు చేసి మరీ పిలుస్తాయి. మా బాబాయి కూతురు అలాగే ఒక కాలేజీలో చేరింది, పేరు ఎందుకులెండి. క్లాసులో అరవై మంది రోల్లో ఉంటే రోజూ వచ్చేది పదిమంది, మార్కెటింగ్ చెప్పే సారు సగం సెమిస్టర్‌లో వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే ఆ సబ్జెక్ట్ ఎవరూ చెప్పలేదు, ప్రాజెక్ట్ రిపోర్ట్ జిరాక్స్ షాపులో రెడీమేడ్‌గా దొరికింది. రెండేళ్ల తర్వాత తను ఒంగోల్లో ఒక షోరూంలో బిల్లింగ్‌లో చేరింది, పక్క సీట్లో అమ్మాయి ఉత్త డిగ్రీ, ఇద్దరికీ ఒకటే జీతం. "అక్కా, నా ర్యాంకెంత అని కాలేజీలో చేరేటప్పుడు కూడా ఎవరూ అడగలేదు" అంది ఒకసారి. ఎవర్నీ వెనక్కి పంపని పరీక్ష దయ గలదిలా కనిపిస్తుంది, కానీ దాని నష్టం మొత్తం ఆ పిల్ల మీద పడింది, రెండేళ్ల కాలం, ఫీజు, ఎంబీఏ అయ్యిందన్న ఆశ, అన్నీ.

క్యాట్‌కి వస్తే నాకు రెండు కోరికలున్నాయి. ఒకటి, పరీక్షని మళ్ళీ పెద్దది చేయండి. 2019 దాకా మూడు గంటలు, 100 ప్రశ్నలు. 2020లో కోవిడ్ దూరం పాటించాలని రోజుకి మూడు స్లాట్లు పెట్టి రెండు గంటలకి కుదించారు, 2021కి ప్రశ్నలు 66 అయ్యాయి, కోవిడ్ పోయింది గానీ రెండు గంటలే ఉండిపోయింది. ప్రశ్నకి దొరికే టైం దాదాపు అంతేగా అంటారు, నిజమే, కానీ ప్రశ్నలు తగ్గేకొద్దీ ఒక్క తప్పు బరువు పెరుగుతుంది. డీఐఎల్ఆర్‌లో ఇప్పుడు నాలుగైదు సెట్లే, మొదట ఎంచుకున్న సెట్ తప్పుదారి పట్టిందంటే పది పన్నెండు నిమిషాలు పోయినట్టే, నలభైలో పన్నెండు పోతే ఇంక ఆ సెక్షన్ కటాఫ్ మర్చిపోవచ్చు. నేను 2017లో ఎనిమిది సెట్లు చూసి మూడు ఏరుకున్నా, ఆ ఏరుకునే వీలు ఇప్పటివాళ్ళకి లేదు.

రెండోది, ఏడాదికి ఒక్కసారే ఎందుకు? జేఈఈ మెయిన్ 2019 నుంచి కనీసం రెండుసార్లు పెడుతున్నారు, జీమ్యాట్ ఏడాదిలో అయిదుసార్లు దాకా రాయొచ్చు. నవంబర్ ఆఖరి ఆదివారం జ్వరమొస్తే, బస్సు చెడిపోతే, మా నాన్నకి జరిగినట్టు ఇంట్లో ఏదైనా జరిగితే ఒక సంవత్సరం గోవిందా. రెండున్నర లక్షల మందికి పైగా రాసే పరీక్ష, రెండోసారి పెట్టడానికి ఖర్చవుతుంది, కష్టమవుతుంది, తెలుసు. అయినా మార్కులకి నిలకడ కావాలంటే ఆ నిలకడ ఇలా చూడండి, రెండుసార్లు రాయించి చూడండి, పదిహేనేళ్లప్పటివి తవ్వడం దేనికి.

పరీక్షల్లో మోసాలు జరుగుతాయి కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. జరిగాయి. 2003 నవంబర్‌లో క్యాట్ పేపర్ లీకైంది, పరీక్ష రద్దు చేసి 2004 ఫిబ్రవరిలో మళ్ళీ పెట్టారు. 2009లో మొదటిసారి కంప్యూటర్ మీద పెట్టినప్పుడు మెషిన్లు మొరాయించి వేల మంది ఇబ్బంది పడ్డారు, వాళ్ళలో కొందరికి మళ్ళీ పెట్టారు. చూశారా, పరీక్షలో దొంగతనం జరిగితే దొరుకుతుంది, దొరికితే దేశమంతా గొడవవుతుంది, మళ్ళీ రాయిస్తారు. దొంగ రికమండేషన్ లెటర్ కోసం ఎప్పుడైనా సీబీఐ వచ్చిందా?

ఇంటర్వ్యూ గురించి కూడా నిజం చెప్పాలి. ఇంటర్వ్యూ అంటే నాకు పరీక్ష కన్నా ఎక్కువ భయం, ఇంగ్లీషు నోట్లోంచి వచ్చేటప్పుడు తలలో ముందు తెలుగు తిరుగుతుంది కాబట్టి. కానీ నాకు సీటిచ్చిన ఐఐఎంలో, కొత్తగా పెట్టిన వాటిల్లో అదొకటి, లోపల ఉన్న పెద్దాయన నా ఫామ్ చూసి పొగాకు వేలం ఎలా జరుగుతుందో చెప్పమన్నాడు. బేళ్ళు వరసగా పెట్టడం, గ్రేడు చూడడం, రేటు నచ్చకపోతే రైతు బేలు వెనక్కి తీసుకెళ్ళడం, వెనక్కి తీసుకెళ్తే దానికయ్యే ట్రాక్టర్ బాడుగ, ఆ బాడుగకి భయపడే తక్కువ రేటుకి ఒప్పుకోవడం, ఇదంతా ఇరవై నిమిషాలు చెప్పా. గ్రామర్ తప్పులు పోయుంటాయి, ఆయన పట్టించుకోలేదు. అలాంటి మనిషి ఎదురుగా ఉంటే ఇంటర్వ్యూ కూడా నాలాంటివాళ్ళకి తలుపు తీస్తుంది. కాకపోతే ఆ గదిదాకా వెళ్ళగలిగింది క్యాట్ స్కోరు వల్ల, అడ్డం పడింది 371.

కావాలనుకుంటే మార్చడం చేతకాక కాదు. 2013లో కోజికోడ్ ఐఐఎం ఎంపిక లెక్కల్లో అమ్మాయిలకి కొన్ని పాయింట్లు కలిపితే ఆ ఏడు బ్యాచ్‌లో 54 శాతం అమ్మాయిలు వచ్చారు. ఒక్క లెక్క మారిస్తే క్లాసు రూపమే మారింది. అలాగే పది, ఇంటర్ మార్కుల గడి తీసేసి, కావాలంటే డిగ్రీ మార్కులు ఒక్కటి ఉంచుకుని, ఒక్క ఏడాది చూడమనండి. ఎవరు లోపలికొస్తారో నాకు చూడాలనుంది.

ఆదివారాలు పొద్దున ఆరింటికి ముగ్గురు పిల్లలతో వీడియో కాల్‌లో కూర్చుంటున్నా, ఆరింటికే ఎందుకంటే ఒకమ్మాయికి తొమ్మిదింటికి మెడికల్ షాపులో షిఫ్ట్. సూర్యాపేట అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఉన్నారు, ఒకే ఫోన్ ముందు ఇద్దరూ తలలు ఆనించుకుని కూర్చుంటారు. పోయినవారం పాసేజ్ చెట్ల వేళ్ళు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో అన్నదాని మీద. అక్క, ఆ 7.3 వచ్చిన పిల్ల, చదవడం అయ్యాక చాలాసేపు ఏం మాట్లాడలేదు, సిగ్నల్ పోయిందేమో అనుకున్నా. తర్వాత మెల్లిగా అంది, "అక్కా, ఈయన చెట్లు మాట్లాడుకుంటాయి అనట్లేదు కదా, అలా అనేవాళ్ళతో గొడవ పడుతున్నాడు." నాలుగు ప్రశ్నల్లో మూడు కరెక్ట్ పెట్టింది. నాలుగోది ఎందుకు తప్పయిందో చూస్తుండగా ఎనిమిదిన్నర అయింది, మెడికల్ షాపు అమ్మాయి కాల్ కట్ చేసి వెళ్ళిపోయింది, వచ్చే ఆదివారం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.